విజయవాడ, గుంటూరులో సీబీటీ: ఫీజు కట్టేది నిర్ణయాలకే

సూర్యారావుపేట సందుల్లో, గుంటూరు కొత్తపేటలో, బ్రాడీపేటలో మానసిక వైద్యం బోర్డుల మీద 'సీబీటీ' అన్న మాట ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి అది పొట్టిపేరు. ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు 1960లలో ఫిలడెల్ఫియాలో డిప్రెషన్ ఉన్నవాళ్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి. తర్వాత పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి కోసం పదేపదే చేసే తంతులు), నిద్రలేమి, సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో ఉండాలంటే భయం) దాకా విస్తరించింది. ఇక్కడ ఏ ఒక్క క్లినిక్‌కూ మార్కులు వేయడం లేదు. ఈ రెండు ఊళ్లలో సీబీటీ పేరుతో దొరికే సేవ మొత్తాన్ని ఒకే కొలతతో చూస్తున్నాం: థెరపిస్టు తన నిర్ణయాలు దేన్ని బట్టి తీసుకుంటున్నారు?

ఈ కొలతే ఎందుకంటే, సీబీటీలో స్కానింగ్ ఉండదు, ఇంజెక్షన్ ఉండదు. పైకి కనిపించేది ఇద్దరు కూర్చుని ముప్పావుగంటో గంటో మాట్లాడుకోవడం. మనం డబ్బు కట్టేది ఆ మాటల వెనకున్న నిర్ణయాలకు. నాలుగు ఇబ్బందులతో వచ్చిన మనిషికి ముందు దేన్ని పట్టుకోవాలి, ఆలోచన మీద పని చేయాలా నడవడిక మీదా, భయపడేదానికి ఎదురు వెళ్లే పని ఎప్పుడు మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఎప్పుడు దారి మార్చాలి, ఎప్పుడు ఆపాలి. ఇవి సరిగ్గా పడితే చిన్న గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా మనిషి బాగుపడతాడు. పడకపోతే ఏసీ గదిలో ఆరు నెలలు కూర్చున్నా దక్కేది ఓదార్పే.

అర్హతల సంగతి ముందే చూసుకోవాలి. బోర్డు మీద 'కౌన్సెలర్' అని ఉన్నంతమాత్రాన సీబీటీలో శిక్షణ ఉన్నట్టు కాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడిగితే చెప్పాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఓపీ రద్దీలో గంటసేపు సీబీటీ చేసే తీరిక వారిలో చాలామందికి ఉండదు కాబట్టి సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి: "ఈ ఇబ్బందికి మీరు ఏం చేస్తారు, సుమారు ఎన్నిసార్లు రావాలి, తగ్గుతోందో లేదో ఎలా కొలుస్తారు?" ఈ మూడింటికీ సూటిగా జవాబు వచ్చే చోటుకే వెళ్లండి. "వచ్చాక చూద్దాం, ముందు మాట్లాడుకుందాం" అనేది మొదటి దానికి సరిపోయే జవాబే, మూడోదానికి మాత్రం సరిపోదు.

మొదటి రోజు ఏం జరగాలి

మంచి చోట మొదటి సెషన్‌లోనే తెలుగులో ఉన్న ఒక ఫారం చేతికిస్తారు. డిప్రెషన్‌కు ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి ఒక మోస్తరు తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఆందోళనకు జీఏడీ-7, ఏడు ప్రశ్నలు, 21 మార్కులు. ఓసీడీకి వై-బాక్స్, 40 మార్కులు, అందులో 24 నుంచి తీవ్రం కిందికి వస్తుంది. ఈ అంకెలు జబ్బును నిర్ధారించవు. ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోవడానికి, ఆరు వారాల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి. ఈ రెండు ఊళ్లలో సాధారణంగా కనిపించే లోపం, ఫారం మొదటి రోజు నింపించి ఫైల్లో పెట్టేయడం, మళ్లీ తీయకపోవడం. అంకెలు రాసుకున్నది పోల్చడానికే కదా.

పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాక ఏది రాసినా ఆ రోజు మిగతా పని పక్కన పెట్టాల్సిందే. మామూలు ఆలోచనేనా, ప్రయత్నం చేయాలన్న ఉద్దేశం ఉందా, ఇంతకుముందు చేశారా, చేతికందే దూరంలో ఏముంది అని థెరపిస్టు నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఇంట్లో పురుగుమందు ఉందా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. ఉంటే దాన్ని ఇంటి నుంచి తీసేయించడం ఆ రోజు తీసుకునే మొదటి నిర్ణయం. తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి పూట ఎక్కడికి వెళ్లాలి అన్నవి కాగితం మీద రాసి ఇవ్వాలి. టెలీ మానస్ నంబరు 14416 ఆ కాగితం మీద ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ అది, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, ఖర్చు లేదు.

ఒంటి సంగతి కూడా అదే రోజు తేల్చాలి. థైరాయిడ్ తేడా వల్ల గుండెదడ రావచ్చు, రక్తహీనత వల్ల నీరసం రావచ్చు. పరీక్షలు చేయించకుండా థెరపీ మొదలుపెట్టడం తప్పు. ఇంతకుముందు ఎప్పుడైనా నాలుగైదు రోజులపాటు నిద్ర అవసరం లేకుండా, మితిమీరిన ఉత్సాహంతో, చేతికందినంత ఖర్చు చేస్తూ గడిపారా అని అడగకుండా డిప్రెషన్ అని తేల్చేయడం ఇంకా పెద్ద తప్పు. బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) అయితే దారి వేరు, మందు ముందు. రోజూ తాగేవాళ్లకు ఉన్నట్టుండి మాన్పిస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది డాక్టరు చేతిలో జరగాలి. సీబీటీ ఆ తర్వాతి మాట.

ఒక కాగితం మీద మనిషి కథ

నిర్ణయాలన్నిటికీ పునాది ఇక్కడుంటుంది. ఇబ్బంది ఎలా మొదలైందన్నదాని కంటే ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నదేమిటన్నది సీబీటీ ఎక్కువగా పట్టించుకుంటుంది. దీన్ని థెరపిస్టులు ఫార్ములేషన్ అంటారు. రెండో మూడో సెషన్‌కల్లా అది కాగితం మీదికి రావాలి, మన కళ్లెదుట గీయాలి.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు రాసే మనిషిని తీసుకుందాం. సీజన్లో ఘాటుకు దగ్గు వస్తుంది, ఊపిరి కాస్త బిగుస్తుంది. "గుండె ఆగిపోతుందేమో" అన్న ఆలోచన తడుతుంది. భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది. వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరే "నిజంగానే ఏదో అవుతోంది" అనడానికి సాక్ష్యంగా కనిపిస్తుంది. కుర్చీలో కూలబడి నీళ్లు తాగుతాడు, తోటివాళ్లు గ్యాస్ మాత్ర ఇస్తారు, ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయిస్తారు. బాగానే ఉంటుంది. కానీ అతనికి మిగిలేది "ఆస్పత్రికి వచ్చాను కాబట్టి బతికాను" అన్న నమ్మకం. మర్నాటి నుంచి జేబులో మాత్ర, పక్కన తోడు, యార్డులో లోపలి వరుసలకు వెళ్లకపోవడం. ఆ జాగ్రత్తలే జబ్బును నిలబెడుతున్నాయి.

ఈ బొమ్మ గీస్తే తర్వాతి నిర్ణయాలు దానంతటవే తేలుతాయి. దుమ్ము, ఘాటు మధ్య పనిచేసే మనిషి కాబట్టి ఉబ్బసం ఉందో లేదో ఛాతీ డాక్టరు చెప్పాలి. లేకపోతే పని చేయాల్సింది రెండు చోట్ల: 'తల తిరగడం అంటే చావు' అన్న అర్థం మీద, 'తోడు లేకుండా వెళ్లను' అన్న నడవడిక మీద. అతని చిన్నప్పటి విషయాలు ఆరు సెషన్లు తవ్వాల్సిన పని ఇప్పుడు లేదు. బొమ్మ గీయకుండానే "ముందు రిలాక్సేషన్ నేర్పుతాను" అని మొదలుపెట్టే చోట, ఆ నిర్ణయం మనిషిని బట్టి తీసుకున్నది కాదు, అందరికీ ఇచ్చే ఒకే కషాయం.

బొమ్మ తప్పు కావచ్చు కూడా. అందుకే మంచి థెరపిస్టు దాన్ని ఊహగా పెట్టి "ఇది మీకు సరిపోతోందా, ఎక్కడ కుదరడం లేదు?" అని అడుగుతారు, మూడు నాలుగు సార్లు దిద్దుతారు. ఈ ఒక్క అలవాటు ఉన్నచోట మిగతా లోపాలు చాలావరకు సర్దుకుంటాయి.

ఎదురు వెళ్లే పని

మా అభ్యంతరాల్లో పెద్దది ఇక్కడే. పానిక్‌కు, భయాలకు, ఓసీడీకి పనిచేసే అసలు భాగం ఎక్స్‌పోజర్: భయపడేదానికి ఒక పద్ధతిగా ఎదురు వెళ్లడం. ఇదే ఎక్కువ చోట్ల వాయిదా పడుతుంది. పేషెంటు కంగారు పడతాడేమో, మళ్లీ రాడేమో అని థెరపిస్టుకే భయం. ఇది మన ఊళ్లకే పరిమితం కాదు. థెరపిస్టు తన ఆందోళన తగ్గించుకోవడానికి పద్ధతి నుంచి పక్కకు జారిపోవడం గురించి ఈ రంగంలో చాలా చర్చ జరిగింది. మన దగ్గర అది తీసుకునే రూపం దీర్ఘశ్వాస. పానిక్ వచ్చినప్పుడల్లా ఊపిరి లెక్కపెట్టుకోమంటారు. కాసేపు హాయిగా ఉంటుంది. కొన్నాళ్లకు ఊపిరి లెక్కపెట్టుకోవడం కూడా జేబులో మాత్రలాగే తయారవుతుంది: అది చేయకపోతే ఏదో అవుతుందన్న భయం.

సరైన పద్ధతిలో, ముందు గదిలోనే ఒంట్లో ఆ లక్షణాలు కావాలని తెప్పిస్తారు. ఒక నిమిషం వేగంగా గట్టిగా ఊపిరి తీయడం, సన్నటి స్ట్రా గుండా ఒక నిమిషం పీల్చడం, తిరిగే కుర్చీలో ఒక నిమిషం తిరగడం, ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తడం. ప్రతిదానికీ ముందు "ఏమవుతుందనుకుంటున్నారు, ఎంత శాతం నమ్మకం?" అని రాయించాలి. అయ్యాక ఏమైందో రాయించాలి. పడిపోతానని 80 శాతం నమ్మిన మనిషి నాలుగుసార్లు చేసినా పడిపోకపోతే ఆ 80 దానంతటదే జారుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు డాక్టరును అడగకుండా ఇవి చేయించకూడదు. ఈ ప్రశ్నలు అడగకుండా కుర్చీ తిప్పే చోటు నుంచి లేచి రండి.

ఆ తర్వాత బయటికి. విజయవాడలో ఒంటరిగా బయటికి వెళ్లలేని మనిషికి మెట్ల వరస ఇలా ఉండొచ్చు. భయాన్ని 100కి కొలిస్తే, మొగల్రాజపురంలో సొంత వీధి చివరి కొట్టుదాకా ఒంటరిగా వెళ్లడం 20. మధ్యాహ్నం ఖాళీ సిటీ బస్సులో రెండు స్టాపులు 40. సాయంత్రం బీసెంట్ రోడ్డులో అరగంట 60. తోడు లేకుండా గుంటూరు రైలెక్కి దిగి తిరిగి రావడం 80. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడటం 95. వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్ర, ఫోన్‌లో ఆపకుండా మాట్లాడే చెల్లెలు లేకుండా వెళ్లాలి. ఉంటే "అవి ఉండబట్టే బతికాను" అనే మిగులుతుంది. డాక్టరు రాసిన మాత్ర మానేయమని థెరపిస్టు సొంతంగా చెప్పకూడదు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో సైకియాట్రిస్టుతో మాట్లాడి నిర్ణయించాలి.

మెట్లు వరసగానే ఎక్కాలన్న నియమం లేదు. భయం సగానికి తగ్గేదాకా అక్కడే నిలబడాలన్నది పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువమంది చూసేది భయం తగ్గిందా అని కాకుండా, అనుకున్న అపాయం జరగలేదన్న సంగతి మనిషికి కొత్తగా తెలిసిందా అని. అందుకే చోటు, వేళ, తోడు మార్చి మార్చి చేయిస్తారు. బీసెంట్ రోడ్డులో ఒక్క మంగళవారం మధ్యాహ్నమే కుదిరిన ధైర్యం ఆదివారం సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. థెరపిస్టు మొదటిసారి పక్కన నడిచి రాగలిగితే మంచిది. రాలేకపోతే వీడియో కాల్‌లో ఉండి, రెండోసారి నుంచి తప్పుకోవాలి.

ఓసీడీ విషయంలో నిర్ణయం ఇంకాస్త సున్నితం. మన ఇళ్లలో మడి, అంటు, మైల అన్నవి మామూలు ఆచారాలు. వాటిని జబ్బుగా చూసే థెరపిస్టు మనిషిని పోగొట్టుకుంటారు. జబ్బునే ఆచారమని వదిలేసే థెరపిస్టు అంతకంటే నష్టం చేస్తారు. గీత ఎక్కడ గీయాలంటే, అదే ఇంట్లో, అదే సంప్రదాయంలో ఉన్న మిగతావాళ్లు ఎంత చేస్తారో ముందు తెలుసుకోవాలి. అత్తగారు ఒక్కసారి స్నానం చేసి మడి కట్టుకుంటే చాలనుకునే చోట కోడలు నాలుగుసార్లు తల మీద నీళ్లు పోసుకుంటూ, ఇంకా అనుమానంతో ఏడుస్తూ, రోజుకు రెండు మూడు గంటలు పోగొట్టుకుంటుంటే అది ఆచారం దాటింది. చికిత్సలో ఆమె నమ్మకాన్ని ప్రశ్నించకూడదు. ఒక్క స్నానంతో ఆగి, ఆ అనుమానాన్ని అలాగే మోస్తూ పూజ ముగించడం దాకానే పని. కావాలంటే ఇంటి పురోహితుణ్ణి 'ఎంత చాలు' అని ఒకే ఒక్కసారి అడిగి రాసుకోవచ్చు. పదేపదే అడిగితే అదీ రోగంలో భాగమే అవుతుంది.

ఇక్కడ కనిపించే రెండు తప్పులు చెప్పాలి. ఒకటి, ఓసీడీ ఆలోచనతో వాదన పెట్టుకోవడం. "గ్యాస్ కట్టేశారు కదా, కట్టలేదనడానికి రుజువేంటి?" అని థాట్ రికార్డు (ఆలోచనను, దానికి సాక్ష్యాలను రాసుకునే కాగితం) రాయిస్తే, ఆ రాయడమే రోజుకు పదిసార్లు చేసే కొత్త తంతు అవుతుంది. రెండు, కన్నబిడ్డకు హాని చేస్తానేమోనన్న ఆలోచన వచ్చి వణికిపోతున్న తల్లిని ప్రమాదకరమైన మనిషిగా చూసి బిడ్డను దూరం పెట్టించడం. ఆ ఆలోచనను అసహ్యించుకుంటోందా, దానికి భయపడి కత్తులు దాస్తోందా, లేక నిజంగా ఉద్దేశం, మతిభ్రమ లక్షణాలు ఉన్నాయా అన్నది విడదీయడం వచ్చినవాళ్లే ఈ కేసు చూడాలి. ప్రసవమైన కొద్ది వారాల్లో అయితే సైకియాట్రిస్టు కూడా చూడాల్సిందే.

దిగులుకు ముందు కాళ్లు, తర్వాత ఆలోచన

పీహెచ్‌క్యూలో 20 దాటిన మనిషికి ఏడు గడుల థాట్ రికార్డు ఇచ్చి పంపడం ఈ సేవలో తరచూ జరిగే తప్పు. సందర్భం, భావం, ఆలోచన, అనుకూల సాక్ష్యం, వ్యతిరేక సాక్ష్యం, సమతూకమైన ఆలోచన, మళ్లీ భావం. మంచం మీంచి లేవలేని మనిషి ఇది నింపలేడు, నింపలేకపోవడాన్ని తన చేతగానితనానికి మరో రుజువుగా తీసుకుంటాడు. అక్కడ బిహేవియరల్ యాక్టివేషన్‌తో మొదలుపెట్టాలి. గంట గంటకూ ఏం చేశారో ఒక వారం రాయించి, ప్రతిదానికీ హాయి ఎంత, చేయగలిగానన్న తృప్తి ఎంత అని 10కి మార్కులు వేయించి, ఏ పనికి దిగులు కాస్త తగ్గిందో చూసి, దాన్ని వేళ పెట్టి పెంచాలి. ఎండాకాలం విజయవాడలో సాయంత్రం నడక అని రాస్తే మే నెలలో అది జరగదు. తెల్లవారి ఆరింటికి మేడ మీద పది నిమిషాలు అని రాస్తే జరుగుతుంది. మనసు బాగున్నప్పుడు చేస్తానంటే కుదరదు, వేళ అయినప్పుడు చేయాలి.

ఇది సీబీటీలో తక్కువరకం భాగమని కొందరు అనుకుంటారు. 1996లో సియాటిల్‌లో సీబీటీని విడదీసి పరీక్షిస్తే, పనులు పెంచే భాగం ఒక్కటే మొత్తం ప్యాకేజీకి దీటుగా నిలిచింది. మన దేశంలోనే గోవాలో మామూలు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో ఇదే చేయించి, డిప్రెషన్ తగ్గుతుందని 2017లో చూపించారు. తీవ్రమైన డిప్రెషన్‌లో మందు కూడా కలపడం మంచి నిర్ణయం. మందా థెరపీనా అన్న పోటీ పెట్టే థెరపిస్టును నమ్మకండి.

నిద్రలేమికి సీబీటీ బాగా పనిచేస్తుంది, కానీ సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. ఒకటి రెండు వారాలు నిద్ర డైరీ రాయించి, సగటున అయిదున్నర గంటలే పడుతోందనుకుంటే మంచం మీద గడిపే సమయాన్ని కూడా అయిదున్నరకు కుదిస్తారు. అయిదు గంటల కంటే తగ్గించరు. మంచం మీదున్న సమయంలో 85 శాతానికి పైగా నిద్ర పడితే వారానికి పావుగంట పెంచుతారు. బైపోలార్, ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇది చేయించకూడదు. రాత్రిళ్లు లారీ, బస్సు నడిపేవాళ్లకైతే మరీ జాగ్రత్త. మొదటి రెండు వారాలు పగలు నిద్ర ముంచుకొస్తుంది.

నాలుగో సెషన్ దగ్గర ఆగి చూడాలి

ఈ సమీక్షలో అన్నిటికంటే ఎక్కువ బరువు దీనికే ఇస్తున్నాం. థెరపిస్టుకు తన పేషెంటు దిగజారుతున్న సంగతి కేవలం అనుభవం మీద తెలియదు. అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 550 మంది గురించి థెరపిస్టులను అడిగితే ముగ్గురే దిగజారతారని చెప్పారు. నిజంగా దిగజారింది 40 మంది. చేతగానివాళ్లై కాదు, ఎదుటి మనిషి బాగుపడాలని కోరుకునేవాళ్లకు ఆ కోరికే అడ్డం వస్తుంది. దీనికి విరుగుడు, ప్రతి సెషన్ ముందు ఆ ఫారం మళ్లీ నింపించి గ్రాఫు గీయడం. రెండు నిమిషాల పని.

పీహెచ్‌క్యూలో అయిదు మార్కులు తగ్గితే చెప్పుకోదగ్గ మార్పు. నాలుగు నుంచి ఆరు సెషన్లలో అంకె కదలకపోతే థెరపిస్టు వరసగా కొన్ని తేల్చాలి. ఇంటిపని (సెషన్ల మధ్య ఇంటి దగ్గర చేయమన్న అభ్యాసం) జరుగుతోందా? జరగకపోతే అది పెద్దదై కుదరడం లేదా, అర్థం కాలేదా, ఇంట్లో ఎవరైనా చూస్తారన్న భయమా? జరుగుతున్నా మార్పు లేకపోతే బొమ్మ తప్పా? ఎక్కడో రహస్యంగా జాగ్రత్తల తంతు మిగిలి ఉందా? తాగుడో, గృహహింసో, అప్పులవాళ్ల ఒత్తిడో చెప్పకుండా దాచారా? గృహహింస అయితే ఆలోచన మార్చుకోమనడం అన్యాయం, ముందు భద్రత. ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే మందు గురించి సైకియాట్రిస్టుతో మాట్లాడటమో, మరొకరికి పంపడమో చేయాలి. "ఇంకా నాలుగు సెషన్లు చూద్దాం" అనడానికి కారణం ఉండాలి. ఆ కారణం మనకు చెప్పాలి.

సెషన్ల సంఖ్య గురించి మొదటే అడిగి పెట్టుకోండి. మోస్తరు డిప్రెషన్‌కు ఎనిమిది దాకా, తీవ్రమైతే 16 దాకా. ఎడతెగని ఆందోళనకు 12 నుంచి 15 దాకా సాధారణం. ఒక సెషన్ వెయ్యి రూపాయలనుకుంటే 12 సెషన్లకు 12 వేలు, తెనాలి నుంచో నందిగామ నుంచో వస్తే బస్సు ఖర్చు, పోయే కూలి అదనం. ఈ లెక్క మొదటి రోజే చెప్పే చోటు మేలు. మానసిక జబ్బులకూ మిగతా జబ్బుల్లాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, అయితే చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు కాబట్టి మీ పాలసీ కాగితం చదువుకోండి. డబ్బు కుదరనివాళ్లకు గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి.

ఇంట్లోవాళ్లు, హాస్టళ్లు

మన దగ్గర పేషెంటు ఒక్కరే రావడం తక్కువ. అమ్మ, నాన్న, బావగారు కూడా లోపలికి వస్తారు. ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలన్నది కూడా చికిత్స నిర్ణయమే. మొదట కాసేపు అందరితో, తర్వాత పేషెంటుతో ఒంటరిగా, చివర అయిదు నిమిషాలు ఏం చెప్పాలో పేషెంటును అడిగి ఇంట్లోవాళ్లతో: ఈ వరస బాగుంటుంది. "సంబంధాలు చూస్తున్నాం, రెండు నెలల్లో తగ్గించండి" అని అడిగే తల్లిదండ్రులకు థెరపిస్టు మాటిచ్చేస్తే, ఆ గడువు పేషెంటు నెత్తిన పడుతుంది. ఓసీడీలో ఇంట్లోవాళ్ల సాయం తప్పనిసరి. "తాళం వేశావులే" అని ఇరవైసార్లు భరోసా ఇచ్చే అన్నయ్య ఒక్కసారిగా ఆపేస్తే గొడవ అవుతుంది. ఇరవైని పదికి, పదిని నాలుగుకు, ఏ వారం ఎంతో ముగ్గురూ కలిసి రాసుకోవాలి.

ఇంటర్, కోచింగ్ పిల్లల విషయం ఈ రెండు ఊళ్ల ప్రత్యేక సమస్య. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోను ఉండదు, వారం వారం బయటికి పంపరు. వారానికొకసారి రమ్మని రాసి, రాలేదని కేసు మూసేసే చోటు ఈ పిల్లలకు పనికిరాదు. ఇంటికి పంపే రోజు చూసుకుని గంటన్నర సెషన్, మధ్యలో కాగితం మీద ఇంటిపని, వార్డెన్ అనుమతితో పదిహేను నిమిషాల ఫోను కాల్: ఇలా సర్దే థెరపిస్టులు ఉన్నారు, వాళ్లను వెతకండి. వార్షిక పరీక్షలకు మూడు వారాల ముందు కొత్తగా కష్టమైన ఎక్స్‌పోజర్ మొదలుపెట్టకుండా నిద్ర, చదువు వేళలు, పరీక్ష హాలు భయం వరకే చూసి, మిగతాది సెలవుల్లో పెట్టుకోవడం తెలివైన నిర్ణయం. ప్రాణాపాయపు ఆలోచనలుంటే మాత్రం ఏ పరీక్షా అడ్డు రాకూడదు. పిల్లను ఇంటికి తీసుకురావాల్సిందే.

చదువు రాని పెద్దవాళ్లకు ఫారాలు, థాట్ రికార్డులు అక్కర్లేదు. కేలండరులో దడ వచ్చిన రోజు గీత పెట్టడం, రాత్రి ఫోన్‌లో రెండు నిమిషాలు మాట రికార్డు చేయడం సరిపోతుంది. ఇంగ్లీషు వర్క్‌షీటు ఇచ్చి "ఇంట్లో ఎవరితోనైనా చదివించుకోండి" అనే చోట, చెప్పుకోలేని విషయాలు ఇంట్లోవాళ్ల ముందు పెట్టించినట్టవుతుంది.

మా తీర్పు

పానిక్, ఫోబియా, ఓసీడీ, నిద్రలేమి, డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఈ సేవ మీద డబ్బు పెట్టడం దండగ కాదు, పైన చెప్పిన బొమ్మ, కొలత, ఎక్స్‌పోజర్ మూడూ ఉన్నచోట అయితేనే. మూడింటిలో ఎక్కువగా లోటు కనిపించేది ఎక్స్‌పోజర్. ఇవి లేకుండా మాట్లాడి ఓదార్చే మంచి కౌన్సెలింగ్‌కు మార్కులు తక్కువేమీ వేయం, కానీ దాన్ని సీబీటీ పేరుతో అమ్మకూడదు. మతిభ్రమ, ఉన్మాదం తీవ్రంగా ఉన్న దశలో, తాగుడు మానే మొదటి వారంలో సీబీటీ కోసం ముందుగా రావొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆపేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. బాగుపడ్డాక సెషన్లు ఒక్కసారి తెంచకుండా రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు జరుపుతారు. చివరి సెషన్‌లో మళ్లీ మొదలయ్యే తొలి గుర్తులేమిటి, అప్పుడు ఏ పని ముందు చేయాలి, ఎన్ని రోజులు చూసి ఫోన్ చేయాలి అన్నది ఒక పేజీ రాసివ్వాలి. ఉద్యోగం మీద హైదరాబాదో బెంగళూరో వెళ్లేవాళ్లయితే ఇప్పటిదాకా ఏం చేశారు, ఏ మెట్టు దాకా వచ్చారు, అంకెలు ఎలా మారాయి అని అక్కడి థెరపిస్టుకు ఇవ్వడానికి సారాంశం అడిగి తీసుకోండి. మన చికిత్స రికార్డులు చూసే హక్కు 2017 చట్టం ఇచ్చింది. నోటితో అడిగితే ఆలస్యం చేస్తుంటే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, రిసెప్షన్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం తీసుకోండి.